నాలుగు దుప్పట్లు, ఒక బొంత

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఉదయగిరి దగ్గర ఒక పల్లె. ఇంట్లో మా అత్తగారు, మావారు, 8వ తరగతి చదివే అమ్మాయి, 4వ తరగతి చదివే అబ్బాయి, నేను ఉంటాం. అత్తగారికి 72 ఏళ్ళు. మధుమేహం, మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి. మామగారు పోయి రెండేళ్ళయింది. మావారికి వింజమూరులో దుకాణం ఉంది, ఇల్లు చేరేసరికి రాత్రి 9 అవుతుంది. కార్తీకం దాటిందంటే సాయంత్రం 6 గంటలకే తలుపులు మూసుకుంటాం. ఎవరి దుప్పటి వాళ్ళది, ఎవరి ఫోన్ వాళ్ళది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకుంటారు. గదిలో కుంపటి పెట్టమని రోజూ అడుగుతారు. నాకు భయం, కాదంటే ఆవిడకు కోపం. అంత చలి అంటూనే తెల్లవారుజామున 4 గంటలకు లేచి కళ్ళాపి చల్లడానికి బయలుదేరతారు. పెళ్ళికి ముందు నేను కుట్లు, అల్లికలు బాగా చేసేదాన్ని. ఇప్పుడు కుట్టు మిషను అటక మీద ఉంది. ఈ చలికాలమైనా ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చునే దారి ఏమైనా ఉందా? పిల్లల చేతుల్లోంచి ఫోన్లు లాగేసుకోమంటారా?

— ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా,

మీరు అడిగినవాటిలో కుంపటి సంగతి వాయిదా వేయదగినది కాదు కాబట్టి ముందు దాన్నే తేల్చుకుందాం. పడుకునే గదిలో కుంపటి పెట్టకండి, ఎవరు కోప్పడినా సరే. బొగ్గులు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే వాయువు పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ప్రాణవాయువును మోసుకుపోయే హిమోగ్లోబిన్‌కు ప్రాణవాయువుకన్నా దీనిమీద 200 రెట్లకు పైగా మక్కువ ఉండడంవల్ల, గాలి కదలని గదిలో అది కొంచెం కొంచెంగా పేరుకుంటూ శరీరానికి అందవలసిన ఊపిరిని అడ్డుకుంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళకైతే తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండడం తెలుస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకు అవి కూడా తెలియవు. మంట ఆరి, నివురు కప్పి, పొగ రావడం మానేసిన నిప్పు మంచిదేనని చాలామంది అనుకుంటారు కానీ ఆ నిప్పు కూడా ఈ వాయువును వదులుతూనే ఉంటుంది. కిటికీ లేని స్నానాలగదిలో గ్యాస్ గీజరు పెట్టుకోవడంలో ఉన్న ప్రమాదమూ ఇదే.

"మా కాలంలో గదిలో కుంపటి పెట్టుకునే పడుకున్నాం" అని మీ అత్తగారు అనవచ్చు. అందులో అబద్ధమేమీ ఉండదు. అయితే ఆ కాలపు ఇల్లు వేరు. తాటాకు కప్పులోనూ, పెంకుల కప్పులోనూ గాలి పోయే సందులు ఎన్నో ఉండేవి, తలుపు రెక్కల మధ్య వేలు దూరేది, కాబట్టి పొగా వేడీ రెండూ పైకి పోయేవి. ఇప్పటి స్లాబు ఇంట్లో అద్దాల కిటికీలు బిగించి, తలుపు కింది సందులో పాత చీర కూడా కుక్కి పడుకుంటున్నాం. ఇదంతా ఆవిడకు ఉపన్యాసంలా చెప్పనక్కరలేదు. "వద్దు" అనే మాటకు బదులు "వసారాలో పెడతానత్తయ్యా, అక్కడ కూర్చుందాం" అనండి. సాయంత్రం చీకటి పడే వేళకు వసారాలో కుంపటి రాజేసి, ఆవిడ కుర్చీ దానికి మూరెడు దూరంలో వేసి, చీర కొంగూ శాలువా అంచూ నిప్పుల మీదికి జారకుండా చూసుకోండి. గంటా గంటన్నర కాచుకున్నాక నీళ్ళు చల్లి పూర్తిగా ఆర్పి, కుంపటిని బయటే వదిలి, మనుషులు మాత్రం లోపలికి రావాలి.

రాత్రికి వెచ్చదనం వేరే దారిలో తెచ్చుకోవచ్చు. ఉత్తరాదివాళ్ళు వింటే నవ్వుతారేమో కానీ, నెల్లూరు పట్టణంలో జనవరి రాత్రులు సాధారణంగా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. మీ మెట్టలో అంతకన్నా కొంత తగ్గుతుంది. ఆ మాత్రం చలికే మనం ఇంతగా ముడుచుకుపోవడానికి కారణం మన ఇళ్ళను రోహిణీ కార్తె ఎండలను దృష్టిలో పెట్టుకుని కట్టుకోవడమే. కింద నాపరాయి, పైన గాలి ఆడే వెంటిలేటర్లు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఆ బండల మీద వట్టి పాదం మోపడమే సగం బాధ. మంచం పక్కన గోనెపట్టా వేసి దానిమీద జంపఖానా మడిచి వేయండి. పడుకునే ముందు పాదాలకు కొంచెం నూనె రాసి, బిగుతు లేని నూలు మేజోళ్ళు తొడగండి. వేడినీళ్ళ సంచి వాడితే ఆవిడ పక్కలోకి రాకముందే దుప్పటి కింద పెట్టి, పడుకోగానే తీసేయండి, ఎందుకంటే మధుమేహం ఉన్నవాళ్ళకు పాదాల్లో స్పర్శ తగ్గి ఉండవచ్చు, చర్మం కాలుతున్నా తెలియకపోవచ్చు. చలికాలంలో దాహం వేయక నీళ్ళు తాగడం తగ్గుతుంది కనుక గోరువెచ్చని నీళ్ళు అడగకుండానే అందిస్తూ ఉండాలి.

ఇక తెల్లవారుజామున 4 గంటల కళ్ళాపి. ఇది ధనుర్మాసపు పట్టుదల. మాన్పించాలని చూస్తే పట్టు ఇంకా పెరుగుతుంది. చలికి రక్తనాళాలు ముడుచుకుని రక్తపోటు పెరుగుతుంది కాబట్టి, దుప్పట్లోంచి లేచిన వెంటనే మంచులోకి, తడి వాకిట్లోకి పోవడం ఆ వయసువారికి మంచిది కాదు. జారి పడే ప్రమాదం సరేసరి. ముగ్గు ఆవిడదే, చేతులు మాత్రం మీవీ మీ అమ్మాయివీ అయ్యే ఏర్పాటు చేసుకోండి. సాయంత్రం కుంపటి దగ్గర కూర్చున్నప్పుడు రేపు ఏ ముగ్గు వేయాలో ఆవిడే నిర్ణయించి పాత నోటుపుస్తకంలో గీసి చూపిస్తారు. 6 గంటలకు మీరు వేస్తుంటే అరుగు మీద శాలువా కప్పుకుని కూర్చుని తప్పులు పడతారు. తప్పులు పట్టే అవకాశం ఇస్తే పెద్దవాళ్ళు చాలా రాయితీలు ఇస్తారు, ఇది నేను చాలా ఇళ్ళలో చూసిన సంగతి.

ఇప్పుడు మీ అసలు ప్రశ్నకు వద్దాం. ఇంటిల్లిపాదీ ఒకచోట కూర్చోవాలని మీరు కోరుకుంటున్నారు. "రండి, అందరం కూర్చుని కబుర్లు చెప్పుకుందాం" అని పిలిస్తే 13 ఏళ్ళ పిల్ల ఒక పూట వచ్చి రెండో పూట తప్పించుకుంటుంది. తప్పు ఆ పిల్లది కాదు. చేతిలో పని లేకుండా ఒకరి మొహాలు ఒకరు చూసుకుంటూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. మన ఇళ్ళలో కబుర్లన్నీ ఏదో ఒక పని చుట్టూనే సాగాయి: చింతకాయలు తొక్కుతూ, కందికాయలు ఒలుస్తూ, విస్తళ్ళు కుడుతూ. అందువల్ల మీ ఇంటికి ఈ చలికాలానికి సరిపోయే పని ఒకటి సూచిస్తున్నాను. బొంత కుట్టండి.

నేను దీన్నే ఎంచుకోవడానికి కారణాలున్నాయి. మీకు కుట్టు వచ్చు. మీ అత్తగారి వయసువారికి, ముఖ్యంగా మెట్ట పల్లెల్లో పెరిగినవారికి, బొంత కుట్టడం తెలియకపోవడం అరుదు. మీ అమ్మాయి చేతికి సూది కొత్త, అబ్బాయికి దారం ఎక్కించే చూపు ఉంది. పైగా కుడుతున్నంతసేపూ సగం బొంత అందరి కాళ్ళ మీదా పరుచుకుని ఉంటుంది కాబట్టి చలికి ఎవరి దుప్పటి వాళ్ళు వెతుక్కోవలసిన అవసరం ఉండదు.

పద్ధతి మీకు తెలిసే ఉంటుంది, అయినా మరిచిపోయి ఉంటే గుర్తు చేస్తాను. నూలు చీరలే తీసుకోండి. పాతబడ్డ వెంకటగిరి నూలు చీరలు దొరికితే అంతకన్నా కావలసింది లేదు. ఉతికి ఉతికి అవి వెన్నలా మెత్తబడి ఉంటాయి. పాలిస్టరు చీరలు పొరల మధ్య జారిపోతాయి, చెమట పీల్చవు. గంజి మొత్తం పోయేలా వేడినీళ్ళలో నానబెట్టి ఉతికి, ఎండలో బాగా ఆరబెట్టండి. మన జిల్లాకు ఏడాది వానలో పెద్ద వాటా అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే పడుతుంది, పెట్టెలో గుడ్డకు ఆ ముసురు తేమ పట్టి ఉంటుంది. సరిగ్గా ఆరకుండా పొరలు కలిపితే బొంత ముక్కవాసన వేస్తుంది. జరీ ఉన్న అంచులు విప్పి పక్కన పెట్టండి. అడుగున గట్టి గుడ్డ, మధ్యలో చిరుగులున్నవి నాలుగైదు పొరలు, పైన అందరికీ నచ్చిన చీర. హాలు మధ్య నేల మీద పరిచి, నడుమ నుంచి అంచులకు అరచేత్తో ముడతలు తోసుకుంటూ వెళ్ళి, జానెడు జానెడు దూరంలో పెద్ద టాకాలు వేయండి. ఆ టాకాలు వేసేదాకా పొరలు కదలకూడదు, కాబట్టి నాలుగు మూలలా నలుగురు కూర్చోవలసిందే. ఆ తర్వాత చిన్న కుట్టు వరుసలు. పొరల మధ్య చిక్కుకున్న గాలే వెచ్చదనాన్ని ఇస్తుంది కనుక దారం మరీ బిగించి లాగకండి, గుడ్డ కుంచించుకుని బల్లపరుపుగా అయిపోతే బొంత బరువుగా ఉంటుంది కానీ వెచ్చగా ఉండదు.

మధ్య భాగంలో తిన్నని వరుసలకు బదులు అత్తగారు ఎంచిన ముగ్గు కుట్టండి. ఇక్కడ మీ అమ్మాయికి పని ఉంది. 7 చుక్కలు, 4 వచ్చేదాకా సందు చుక్క పెట్టుకునే ముగ్గు తీసుకుంటే మధ్య వరుసలో 7, దానికి అటూ ఇటూ 6, 5, 4 చొప్పున మొత్తం 37 చుక్కలు అవుతాయి. వాటిని పై చీర మీద సమానమైన ఎడంతో సుద్దతో పెట్టడానికి స్కేలూ లెక్కా కావాలి. అదే 15 చుక్కలు 8 దాకా అయితే ఎన్ని చుక్కలో పుస్తకం చూడకుండా చెప్పమనండి. 169 అని ఆ పిల్ల చెప్పాక, మీ అత్తగారు ఆ లెక్క ఎన్నడూ వేయకుండానే అంత ముగ్గును ఒక్క చుక్క తప్పకుండా ఎలా పెడతారో నానమ్మనే అడగమనండి. చుక్కలు కలిపే గీతలో ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ తిరగాలన్నది నానమ్మకు తెలుసు, అందరికన్నా సన్నగా కుట్టడం మీకు తెలుసు, మధ్యలో ఉన్న ఆ పిల్ల ఇద్దరి దగ్గరా నేర్చుకోక తప్పదు. మొదట్లో కుట్లు వంకరగా పడతాయి. విప్పించవద్దు.

అబ్బాయిని అంతసేపు కుట్టుకు కట్టిపడేయలేం. 9 ఏళ్ళ పిల్లవాడికి ఉదయం ఒక పని, సాయంత్రం ఒక పని చాలు. కొబ్బరినూనె సుమారు 24 డిగ్రీల దగ్గర గడ్డకడుతుంది. వంటింటి గూట్లో ఒక సీసా, వసారాలో ఒక సీసా పెట్టి, పొద్దున లేవగానే ఏది గడ్డకట్టింది, ఏది కరిగి ఉంది, ఏది సగం సగం ఉంది అని గోడ కేలండరు మీద రాయమనండి. సంక్రాంతి నాటికి ఇంట్లో ఏ గది ఎంత చల్లనో వాడే చెబుతాడు, నానమ్మ మంచం ఎక్కడ వేయాలో కూడా బహుశా వాడే చెబుతాడు. రాత్రి పెరుగు తోడు పెట్టే పని వాడికి అప్పగించండి: పాలు వేలికి వెచ్చగా తగిలేటప్పుడు, ఎండాకాలంకన్నా కొంచెం ఎక్కువ తోడు వేసి, గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెట్టాలి. తోడుకోని రోజున ఎందుకు తోడుకోలేదో వాడే కారణం వెతుకుతాడు. పచ్చి కందికాయలు వచ్చే రోజుల్లో ఉప్పు వేసి ఉడకబెట్టి ఒక పళ్ళెం మధ్యలో పెట్టారంటే, ఒలవడానికి పిలవకుండానే వస్తాడు. కాకపోతే ఆ తడి చేతులతో బొంత ముట్టుకోనివ్వకండి.

మీవారి సంగతి మీరు ఒక వాక్యంలో తేల్చేశారు కానీ ఆయనను ఇందులోంచి వదిలేయడం నాకు ఇష్టం లేదు. రాత్రి 9 గంటలకు అలసి వచ్చిన మనిషిని సూది పట్టమనలేం. అయితే వింజమూరు నుంచి తెల్ల నూలు దారం, పొడుగాటి సూదులు తేవడం, ఆదివారం పగలు పక్కబట్టలన్నీ మేడమీద ఎండకు వేసి తిరగవేయడం ఆయన పనులు కావచ్చు. ఇంకొకటి కూడా ఉంది. మీ ఊళ్ళో పట్టణంలో ఉన్నంత వెలుతురు ఉండదు కాబట్టి చుక్కలు బాగా కనిపిస్తాయి. డిసెంబరు చివరి వారంలో ఆయన ఇంటికి వచ్చే వేళకు సరిగ్గా పిల్లలకోడి, అంటే కృత్తికల గుంపు, దాదాపు నడినెత్తిన ఉంటుంది. దానికి తూర్పుగా ఎర్రగా మెరిసేది రోహిణి. ఇంకొంచెం కిందికి చూస్తే మృగశిర, దాని పక్కన ఆర్ద్ర. కార్తీక పున్నమినాటి చంద్రుడు కృత్తికల దగ్గర, మార్గశిర పున్నమినాటి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు కాబట్టే ఆ నెలలకు ఆ పేర్లు వచ్చాయి. పిల్లలు పంచాంగం పక్కన పెట్టుకుని మార్గశిర, పుష్య పున్నములకు తామే సరిచూసుకోవచ్చు. భోజనానికి ముందు పది నిమిషాలు, మెడకు మఫ్లరు చుట్టుకుని, తండ్రితో మేడమీదికి పోతే చాలు. చుక్కలు గుర్తుపట్టే ఫోన్ అప్లికేషను అమ్మాయి తెరిచి చూపిస్తే ఆ పూటకు ఫోనును ఏమీ అనకండి.

ఫోన్లు లాగేసుకోవచ్చా అని అడిగారు. వద్దు. లాక్కున్న ఫోను మీద మోజు రెట్టింపవుతుంది, మీరు ఇంట్లో కానిస్టేబులు అవుతారు. దానికి బదులు వారంలో మూడు సాయంత్రాలు, 6:30 నుంచి 8 దాకా, మీదీ అత్తగారిదీ సహా ఇంట్లో ఉన్న ఫోన్లన్నీ ఛార్జింగ్ పెట్టే చోటే ఉంటాయని చెప్పండి. ఏ మూడు రోజులో పిల్లలనే ఎంచుకోనివ్వండి. మిగతా నాలుగు రోజులు ఎవరి దుప్పటి వాళ్ళు కప్పుకుని ఎవరి ఫోను వాళ్ళు చూసుకుంటే కొంపలేమీ మునగవు. పరీక్షలున్న వారం ఆ మూడూ ఎగిరిపోయినా బాధపడకండి. మన దగ్గర అతి చిన్న పగలు కూడా 11 గంటల పైనే ఉంటుంది. రోజంతా బడీ పనీ అయ్యాక పిల్లలకూ కాస్త ఏమీ చేయని సమయం కావాలి.

మీ గురించి కూడా ఒక మాట రాయాలి. ఈ ఏర్పాటంతా మీ నెత్తిన ఇంకో చాకిరీగా మారే ప్రమాదం ఉంది: కుంపటి మీరే రాజేసి, కాయలు మీరే ఉడికించి, పొరలు మీరే పరిచి, చివరికి అందరూ నిద్రపోయాక మిగిలిన కుట్టు కూడా మీరే వేసి పడుకోవడం. అలా అయ్యే పక్షంలో మొదలుపెట్టవద్దు. బొంత ఈ సంక్రాంతికి పూర్తికాకపోతే వచ్చే చలికాలానికి అవుతుంది. అటక మీది మిషను దింపించి, నూనె వేయించి, బొంతతో సంబంధం లేకుండా వారానికి ఒక మధ్యాహ్నం మీకు నచ్చింది మీరు కుట్టుకోండి. విప్పి పక్కన పెట్టిన జరీ అంచులు ఉన్నాయి కదా, వాటితో దిండు గలీబులో, అమ్మాయికి లంగా అంచో వేయవచ్చు. ఆ పూట ఎవరైనా పిలిస్తే "కుడుతున్నాను" అని గదిలోంచే జవాబు చెప్పండి.

మొదలు ఎక్కడ అంటే, మీ అత్తగారి పెట్టె దగ్గర. ఎండ బాగా ఉన్న ఆదివారం చూసి, ఏ చీరలు బొంతకు ఇవ్వవచ్చో ఆవిడనే ఎంచమని అడగండి. ఆవిడ ఒక్కొక్క చీరా తీసి అది ఎప్పటిదో చెప్పడం మొదలుపెడితే ఆ పూటకు కత్తెర పని సాగకపోవచ్చు, సాగనవసరమూ లేదు. మీ మామగారి పంచెలు ఆ పెట్టెలోనే ఉంటే వాటిని మీరుగా బయటికి తీయకండి. ఆవిడే తీసి ఇస్తే మధ్య పొరల్లో కాకుండా ఆవిడ వైపు వచ్చే అడుగు పొరగా వేయండి. ఇవ్వకపోతే ఆ ప్రస్తావనే వద్దు. బొంతకు కావలసినంత గుడ్డ మిగతా చీరల్లోనే వస్తుంది.